తోడా, బదులా? క్యాన్సర్ అని తేలాక ఇంటికి చేరే మందుల గురించి

(క్యాన్సర్ రోగులు, వారి కుటుంబ సభ్యుల కోసం ఏర్పాటైన అవగాహన సభలో చేసిన ప్రసంగం, ఆ తర్వాతి ప్రశ్నలు, జవాబులు)

అందరికీ నమస్కారం.

బయాప్సీ, అంటే గడ్డ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష, దాని రిపోర్టు వచ్చిన రోజు సాయంత్రానికే ఇంటికి చుట్టాలు చేరతారు. వచ్చిన వాళ్లు ఉత్త చేతులతో రారు. ఒకరు తిప్పతీగ రసం సీసా తెస్తారు, ఇంకొకరు పసుపు గోలీల డబ్బా, మరొకరు ఫలానా ఊళ్లో పసరు పోసే ఆయన ఫోన్ నంబరు. వాట్సాప్‌లో వీడియోల సంగతి చెప్పనక్కర్లేదు. వీళ్లెవరూ మీ చెడు కోరేవాళ్లు కాదు. ప్రేమ కొద్దీ తెస్తారు, అందుకే కాదనడానికి నోరు రాదు. రోగికి కూడా అంతే. మంచం మీద కూర్చుని ఎవరో ఏదో చేస్తుంటే చూస్తూ ఉండటం కన్నా, తన చేత్తో తాను ఏదో ఒకటి చేసుకోవాలనిపిస్తుంది. ఆ కోరికలో తప్పేమీ లేదు. దాన్ని ఎటు నడిపించాలన్నదే ఈ రోజు మనం మాట్లాడుకునేది.

ఏది మీ గుమ్మంలోకి వచ్చినా ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఇది చికిత్సకు తోడుగా వస్తోందా, బదులుగా వస్తోందా? నడక, యోగా, ఆక్యుపంక్చర్, శొంఠి, ప్రార్థన, ఇవి ఆసుపత్రి వైద్యం పక్కన నిలబడితే తోడు. అదే యోగా, అదే శొంఠి ఆపరేషన్ మానేసి చేస్తే బదులు. పేరును బట్టి మంచీ చెడూ తేలదు, దాన్ని ఎక్కడ నిలబెట్టామన్న దాన్ని బట్టే తేలుతుంది.

బదులుగా పెట్టుకుంటే ఏమవుతుందో లెక్కలున్నాయి. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో ఒక పరిశీలన ప్రచురించారు. రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తులు, పెద్దపేగు క్యాన్సర్లలో ఇంకా దూరానికి పాకని దశలో ఉండి, ఆసుపత్రి చికిత్స మొత్తం వదిలేసి ప్రత్యామ్నాయాలనే నమ్ముకున్న 281 మందిని తీసుకున్నారు. వయసు, దశ, ఇతర జబ్బులు అన్నీ సరిపోలేలా మామూలు చికిత్స తీసుకున్న 560 మందిని పక్కన పెట్టి చూశారు. అయిదేళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు మొదటి గుంపులో నూటికి 55 మంది, రెండో గుంపులో 78 మంది. మొత్తం మీద చనిపోయే ముప్పు రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సర్ ఒక్కటే చూస్తే అయిదు రెట్లు దాటింది. ఎందుకంటే రొమ్ము క్యాన్సర్ తొలి దశలో మన దగ్గరున్న వైద్యం బాగా పనిచేస్తుంది. బాగా నయమయ్యే దాన్ని వదులుకుంటే నష్టం కూడా అంత పెద్దగానే ఉంటుంది. ప్రోస్టేట్‌లో మాత్రం ఆ అయిదేళ్లలో పెద్ద తేడా కనపడలేదు. అది చాలామందిలో నిదానంగా పెరిగే జబ్బు. ‘మా బాబాయికి ఏ చికిత్సా లేకుండానే బాగున్నాడు’ అనే కథలు ఎక్కువగా ఇలాంటి చోట నుంచే పుడతాయి.

అదే బృందం అదే ఏడాది ఇంకో పరిశీలన చేసింది. నాకు దానిమీదే ఎక్కువ దృష్టి. ఈసారి ఆసుపత్రి వైద్యం మొదలుపెట్టి, దానికి తోడుగా ఇంకేదో వాడిన 258 మందిని చూశారు. తోడుగా వాడితే ఏం పోయింది అనుకుంటాం కదా. కానీ వీళ్లలో నూటికి 34 మంది కీమో వద్దన్నారు, 53 మంది రేడియేషన్ వద్దన్నారు, 34 మంది హార్మోన్ మాత్రలు వద్దన్నారు. తోడు వాడని వాళ్లలో ఇవి వద్దన్నవాళ్లు నూటికి ఇద్దరు ముగ్గురే. వీళ్లకు మరణం ముప్పు రెట్టింపయింది. తాగిన కషాయం వల్ల కాదు, మానేసిన చికిత్స వల్ల. తోడు అని లోపలికి వచ్చింది మెల్లగా బదులు అయి కూర్చుంది.

ఇది ఇంట్లో ఎలా జరుగుతుందో చూడండి. మొదటి కీమో అయింది. వాంతులు, నోటిపూత, జుట్టు రాలడం. రెండో కీమో తేదీ దగ్గర పడింది. ‘ఒంట్లో సత్తువ లేదు, ఈ నెల కషాయం తాగి కాస్త కోలుకున్నాక వెళ్దాం’ అంటారు. నెల అవుతుంది. కీమో లేదు కాబట్టి వాంతులుండవు, అన్నం సయిస్తుంది, మొహం తేరుకుంటుంది. కషాయం పనిచేస్తోందని అందరికీ గట్టిగా అనిపిస్తుంది. ఆ తేరుకోవడం కీమో ఆగినందువల్ల వచ్చింది. గడ్డ మాత్రం ఆగలేదు. ఆపరేషన్ నాలుగు వారాలు ఆలస్యమైతే మరణం ముప్పు నూటికి 6 నుంచి 8 వంతులు పెరుగుతుందని 2020లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష తేల్చింది. అందుకే వాంతులు భరించలేకపోతే ఆ మాట డాక్టరుకి చెప్పండి. వాంతులకు ఇవాళ మంచి మందులున్నాయి, ఒకటి పనిచేయకపోతే ఇంకొకటి కలుపుతారు. భరించి భరించి చివరికి చికిత్సే మానేయడం అన్నిటికన్నా చెడ్డ దారి.

ఇక మన దగ్గర బాగా పాతుకుపోయిన ఒక భయం. ‘కత్తి పెడితే పాకుతుంది.’ ఈ ఒక్క మాట విని గడ్డను బయాప్సీ చేయించకుండా ఆకులు కట్టుకుంటూ కూర్చున్న కుటుంబాలు ప్రతి జిల్లాలోనూ ఉన్నాయి. ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే ఆడవాళ్లకు, అంటే చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగేవాళ్లకు, అంగిట్లో పుండ్లు లేస్తాయి. అవి క్యాన్సర్‌గా మారతాయి. ‘పుండును గిల్లకండి’ అని ఆపేస్తారు. బయాప్సీ సూది వల్ల జబ్బు పాకడం చాలా చాలా అరుదు. అలాంటి ముప్పున్న కొన్ని అవయవాలు, ఉదాహరణకు వృషణం, డాక్టర్లకు ముందే తెలుసు, అక్కడ సూది పెట్టరు. మరి ఆ మాట ఎలా పుట్టింది? బాగా ముదిరాక ఆపరేషన్‌కు వెళ్లినవాళ్లు ఆ తర్వాత కొన్ని నెలలకే పోవడం ఊరు చూసింది. జబ్బు అప్పటికే పాకి ఉందన్నది ఊరికి కనపడలేదు, కత్తి కనపడింది. బయాప్సీ లేకుండా మందు ఏదో తేల్చలేరు. రొమ్ము క్యాన్సర్‌నే తీసుకోండి. హార్మోన్ రకమా, హెర్‌టూ అనే ప్రొటీన్ ఎక్కువగా ఉన్న రకమా, రెండూ కాదా అని తేలితే తప్ప టామాక్సిఫెన్ ఇవ్వాలా, ట్రాస్టుజుమాబ్ ఇవ్వాలా తెలియదు.

‘మొక్కల్లో మందు లేదా?’ అని అడుగుతారు. ఉంది. మీ పెరట్లోనే ఉంది. బిళ్ళగన్నేరు తెలుసుగా, గులాబీ రంగు పువ్వులు, ఎంత ఎండలోనైనా పూస్తుంది. 1950లలో కెనడాలో నోబుల్, బీర్ అనే శాస్త్రవేత్తలు దాని ఆకును షుగర్ జబ్బుకు పనికొస్తుందేమోనని పరీక్షించారు. షుగర్ తగ్గలేదు. కానీ మందు ఎక్కించిన ఎలుకల రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. తెల్లకణాలను పడగొట్టేది రక్త క్యాన్సర్‌కు పనికి రావచ్చు కదా అని వెతికితే 1958లో విన్‌బ్లాస్టిన్ దొరికింది. తర్వాత అదే మొక్క నుంచి విన్‌క్రిస్టిన్. పిల్లల రక్త క్యాన్సర్‌కు మన ఊళ్లలోనూ ఇవాళ ఇస్తున్న మందు అది.

ఇప్పుడు అసలు సంగతి వినండి. విన్‌క్రిస్టిన్ పెద్దవాళ్లకు కూడా ఒక్క డోసు సాధారణంగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. మనిషి ఎత్తు, బరువు చూసి శరీర వైశాల్యం లెక్కగట్టి, చదరపు మీటరుకు 1.4 మిల్లీగ్రాముల చొప్పున సిరలోకి ఎక్కిస్తారు. సూది సిర పక్కకు జారితే కండ కుళ్లిపోతుంది. పొరపాటున వెన్నులోకి వెళ్తే ప్రాణం పోతుంది. లెక్క ఎక్కువైతే నరాలు దెబ్బతిని కాళ్లు తిమ్మిరెక్కుతాయి, మలబద్ధకంతో పేగు స్తంభిస్తుంది. ఆకులో అది ఉండేది అతి కొద్దిగా. వందల కిలోల ఎండాకు నుంచి గ్రాము లెక్కన తీస్తారు. కాబట్టి రోజూ పది ఆకులు నూరి మింగితే క్యాన్సర్‌కు చాలినంత మందూ అందదు, ఆ ఆకులోని మిగతా పదార్థాల విషమూ తప్పదు. మొక్కలో ఉన్నది మందే. ఆ మందు మనిషికి పనికొచ్చేలా చేసింది తూకం, శుద్ధి, కొలత.

ఈ తూకం మాటే పసుపుకు కూడా. కూరలో పసుపు మానాలా అని అడుగుతారు. అక్కర్లేదు. నిక్షేపంగా తినండి. రోజుకు అర చెంచా పసుపు అంటే సుమారు గ్రామున్నర, అందులో కర్‌క్యుమిన్, అంటే పసుపులో మందుగా చెప్పే పదార్థం, నూటికి మూడు వంతులు. అంటే 45 మిల్లీగ్రాములు. కడుపు దాన్ని సరిగ్గా ఇముడ్చుకోదు కూడా. మందుల షాపులో దొరికే గోలీ 500 మిల్లీగ్రాములు, 95 శాతం శుద్ధి. ఒక్క గోలీలో పది రోజుల కూరల పసుపుకు సరిపడా ఉంటుంది. దానికి మిరియాల నుంచి తీసిన పైపరిన్ కలుపుతారు. 1998లో బెంగళూరులో చేసిన పరీక్షలో 20 మిల్లీగ్రాముల పైపరిన్ తోడైతే కర్‌క్యుమిన్ రక్తంలోకి చేరడం 20 రెట్లు పెరిగింది. అమ్మేవాళ్లు ఈ సంగతి గొప్పగా చెబుతారు. కానీ పైపరిన్ పనిచేసేదే పేగుల్లో, లివర్‌లో మందులను విరిచే ఎంజైములను అడ్డుకుని. మీరు మింగే మిగతా మందులు కూడా ఆ ఎంజైముల మీదుగానే పోవాలి.

రొమ్ము క్యాన్సర్ అక్కచెల్లెళ్లు ఇది ప్రత్యేకంగా వినాలి. టామాక్సిఫెన్ మింగాక లివర్ దాన్ని ఎండాక్సిఫెన్‌గా మారుస్తుంది, అసలు పని చేసేది అదే. 2019లో నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో 16 మంది ఆడవాళ్లకు టామాక్సిఫెన్‌తో పాటు పసుపు గోలీలు ఇచ్చి రక్తం పరీక్షించారు. పైపరిన్ కూడా కలిసినప్పుడు ఎండాక్సిఫెన్ నూటికి 12 వంతులు తగ్గింది. కొందరిలో అది ఉండాల్సిన స్థాయి కంటే కిందికి పడిపోవడానికి ఇది చాలు. అయిదేళ్లు, పదేళ్లు శ్రద్ధగా మింగే మాత్ర బలాన్ని ఆరోగ్యం కోసమని వేసుకున్న గోలీ తగ్గిస్తోందన్నమాట. మీకు బయటికి ఏమీ తెలియదు. కడుపునొప్పి రాదు, దద్దుర్లు రావు.

తిప్పతీగ సంగతి. కోవిడ్ రోజుల్లో ఇంటింటా తాగారు. 2020 చివర్లో ముంబైలో తిప్పతీగ వాడిన ఆరుగురికి లివర్ దెబ్బతిన్నట్టు వైద్యులు 2021లో ప్రచురించారు. తర్వాత దేశంలో పలు ఆసుపత్రుల నుంచి 43 మంది లెక్క వచ్చింది. ఆయుష్ మంత్రిత్వ శాఖ దీన్ని ఒప్పుకోలేదు, అది అసలు తిప్పతీగ కాక అలాంటిదే వేరే తీగ అయ్యుండొచ్చని అంది. ఆ మాటే నిజమనుకుందాం. సంచిలో కోసి తెచ్చిన తీగ ఏ తీగో మీరు చెప్పగలరా? అశ్వగంధ వల్ల కూడా లివర్ దెబ్బలు నమోదయ్యాయి, థైరాయిడ్ లెక్కలు మారతాయి. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది.

మామూలు మనిషికి లివర్ కాస్త వాస్తే మందు ఆపి కొన్ని వారాలు చూస్తారు. కీమోలో ఉన్న మనిషి సంగతి అది కాదు. డాక్సోరూబిసిన్, డోసిటాక్సెల్, విన్‌క్రిస్టిన్ లాంటి కీమో మందులను లివరే బయటికి పంపాలి. బిలిరుబిన్, అంటే కామెర్లలో రక్తంలో పెరిగే పసుపు పదార్థం, పెరిగితే డోసు తగ్గిస్తారు, లేదా ఆపేస్తారు. పైగా డాక్టరు ముందు చిక్కుముడి పడుతుంది. ఈ కామెర్లు కీమో వల్లా, జబ్బు లివర్‌కు పాకినందువల్లా, ఇంట్లో తాగిన దానివల్లా? మీరు చెప్పకపోతే మూడోది ఆయన లెక్కలోకే రాదు. స్కాన్లు తీస్తారు, మందు మారుస్తారు, మూడు వారాలు పోతాయి. రోగనిరోధక శక్తిని రేపే మందులు, అంటే ఇమ్యునోథెరపీ మీద ఉన్నవాళ్లు ‘ఇమ్యూనిటీ పెంచే’ పొడులకు ఇంకా దూరంగా ఉండాలి.

పండ్లలో ఒకటే చెబుతాను. పంపర పనస, గ్రేప్‌ఫ్రూట్ పేగులోని ఎంజైమును అడ్డుకుంటాయి. ఇమాటినిబ్, లాపటినిబ్ లాంటి క్యాన్సర్ మాత్రలు వేసుకునే వాళ్ల రక్తంలో మందు ఉండాల్సిన దానికన్నా పెరుగుతుంది. బత్తాయి, కమలా తినొచ్చు. లక్ష్మణఫలం ఆకుల టీ కూడా తెగ అమ్ముతున్నారు. దానిలోని అనోనసిన్ అనే పదార్థం నరాలకు విషం. కరీబియన్‌లోని గ్వాడలూప్ దీవిలో ఆ పండూ, ఆకుల టీ ఎక్కువగా వాడేవాళ్లలో పార్కిన్సన్స్ లాంటి జబ్బు కనిపించింది. క్యాన్సర్ తగ్గిందన్న మనుషుల పరీక్ష ఒక్కటీ లేదు.

‘విటమిన్ బి-17’ అని ఆప్రికాట్ గింజలు, చేదు బాదం తెప్పించుకునేవాళ్లు విదేశాల్లో ఉన్న మన వాళ్లలో కూడా ఉన్నారు. అది విటమిన్ కాదు. కడుపులో సైనైడ్ విడుదల చేస్తుంది. 1982లో అమెరికాలో మేయో క్లినిక్ నడిపిన పరీక్షలో 178 మందికి లేట్రైల్, అంటే ఈ బి-17నే మందుగా చేసింది, ఇచ్చి చూశారు. జబ్బు ఎవరికీ తగ్గలేదు, కొందరి రక్తంలో సైనైడ్ ప్రాణాంతక స్థాయి దగ్గరికి వెళ్లింది. ఈ గింజలు ఇంట్లో ఉంటే ఇవాళే పారేయండి.

ఇప్పుడు పేరు లేని పొట్లం. పసుపుపచ్చ పొడి, కాగితంలో చుట్టి, పొద్దున ఒకటి రాత్రి ఒకటి. దీన్ని గుర్తుపట్టడానికి ఒక పరీక్ష చెబుతాను. వేసుకున్న మూడు నాలుగు రోజుల్లోనే ఆకలి విపరీతంగా పెరిగి, నొప్పులు మాయమై, హుషారు వచ్చిందా? తర్వాత మొహం గుండ్రంగా ఉబ్బి, షుగర్ పెరిగి, రాత్రి నిద్ర పట్టకుండా పోయిందా? అందులో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చని గట్టిగా అనుమానించాలి. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ చాలా చౌక. అది గడ్డ చుట్టూ వాపును కాస్త తగ్గిస్తుంది కాబట్టి రోగికి బాగున్నట్టే ఉంటుంది. మందు పనిచేస్తోందని ఊరంతా నమ్ముతారు. ఇలాంటిది వారాల తరబడి వాడి ఒక్కసారి ఆపకండి. ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ నిద్రపోయి ఉంటుంది, బీపీ పడిపోయి స్పృహ తప్పొచ్చు. పొట్లం పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి, మెల్లగా తగ్గిస్తారు. భస్మాల్లో సీసం, పాదరసం సంగతి కూడా ఉంది. 2004లో అమెరికాలోని బోస్టన్ దుకాణాల్లో అమ్మే 70 ఆయుర్వేద ఉత్పత్తులు పరీక్షిస్తే 14 వాటిలో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో దొరికింది. కిడ్నీ దెబ్బతింటే సిస్‌ప్లాటిన్ లాంటి కీమో మందు ఇవ్వలేరు.

క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే మన దేశంలో నేరం. 1954లో వచ్చిన డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూల్లో క్యాన్సర్ పేరు రాసి ఉంది. కాబట్టి బోర్డు మీద ‘గ్యారంటీ’ అని ఉంటే అక్కడే వెనక్కి తిరగొచ్చు.

పథ్యం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మందు కన్నా పథ్యం చేసే చెరుపు ఎక్కువ. నాటుమందు ఇచ్చేవాళ్లు ముందు పథ్యం చెబుతారు. ఉప్పు వద్దు, పులుపు వద్దు, పప్పు వద్దు, గుడ్డు వద్దు, మాంసం అసలు వద్దు, పాలు కూడా వద్దు. మిగిలేది జావ, చారు నీళ్లు, మజ్జిగ. క్యాన్సర్ ఉన్న ఒళ్లు కండను కరిగించుకుంటుంది. కీమోలో ఉన్నవాళ్లకు కిలో బరువుకు రోజుకు ఒక గ్రాము దాటి, ఒకటిన్నర గ్రాముల వరకు ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 60 నుంచి 90 గ్రాములు. లెక్కగట్టండి. గుడ్డులో 6 గ్రాములు. పెద్ద గ్లాసు పాలలో 6, 7. గుప్పెడు కందిపప్పు, అంటే 30 గ్రాములు వండితే 7. వంద గ్రాముల వండిన చికెన్‌లో 25. రెండు గుడ్లు, రెండు గ్లాసుల పాలు, రెండు పూటలా పప్పు, పెరుగు, కాస్త చికెన్ లేదా చేప. శాకాహారులు చికెన్‌కు బదులు పనీర్, మీల్‌మేకర్, శనగలు, వేరుశనగ పెంచుకోవాలి. ఈ పథ్యం అవన్నీ తీసేస్తుంది. నెలలో నాలుగు కిలోలు తగ్గితే సత్తువ పోతుంది, పుండ్లు మానవు, తర్వాతి కీమో వాయిదా పడుతుంది. అప్పుడు ‘చూశారా, కీమో ఒంటికి పడట్లేదు’ అంటారు. పడకపోయింది జావ.

పచ్చి రసాలు కూడా ఇక్కడే చెప్పేస్తాను. గోధుమగడ్డి రసం, పచ్చి కూరగాయల రసాలు. కీమో ఎక్కించాక సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు అడుగుకు పోతాయి. మట్టి అంటిన గడ్డిని పచ్చిగా రుబ్బి తాగితే అందులోని సూక్ష్మజీవులను ఎదుర్కొనే సైన్యం అప్పుడు ఒంట్లో ఉండదు. ఆ రోజుల్లో అన్నీ ఉడికించి తినాలి, పండ్లు తొక్క తీసినవి. థర్మామీటర్ ఇంట్లో పెట్టుకోండి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే, అర్ధరాత్రి అయినా సరే, పారాసిటమాల్ వేసి పడుకోబెట్టకుండా వెంటనే ఆసుపత్రికి బయల్దేరాలి.

ఇంతసేపూ వద్దు వద్దు అన్నాను. ఇప్పుడు చేయదగ్గవి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది నడక. 2025లో ఒక పరీక్ష ఫలితాలు వచ్చాయి. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో అయిపోయిన 889 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఆరోగ్య సలహాల పుస్తకం ఇచ్చి పంపారు, ఇంకో గుంపుకు మూడేళ్ల పాటు వ్యాయామం నేర్పి వెంటపడి చేయించారు. అయిదేళ్లకు జబ్బు తిరగబడకుండా ఉన్నవాళ్లు మొదటి గుంపులో నూటికి 74, వ్యాయామం చేసినవాళ్లలో 80. ఎనిమిదేళ్లకు బతికి ఉన్నవాళ్లు 83, 90. ఏం చేశారు? చాలామంది వారానికి మూడు నాలుగు సార్లు, ముప్పావు గంట నుంచి గంట, చురుగ్గా నడిచారు. మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత వేగం. గమనించండి, వాళ్లు ఆపరేషన్, కీమో పూర్తి చేసుకున్నవాళ్లు. ఇదీ తోడు అంటే. కీమో జరుగుతున్నప్పుడైతే పది నిమిషాలతో మొదలుపెట్టండి, రోజు విడిచి రోజు ఒక్కో నిమిషం పెంచండి. హిమోగ్లోబిన్ బాగా తక్కువున్నా, జ్వరమున్నా ఆ రోజు మానండి.

యోగా వల్ల నిద్ర, ఆందోళన, నీరసం మెరుగవుతాయని చాలా పరీక్షల్లో తేలింది. వారానికి రెండుసార్లు, గంటంబావు చొప్పున, నాలుగు వారాలు చేసిన వాళ్లకు నిద్ర బాగుపడింది. అందులో కష్టమైన ఆసనాలేమీ లేవు. మెల్లగా ఊపిరి తీసుకోవడం, కూర్చునీ పడుకునీ చేసేవి. జబ్బు ఎముకలకు పాకి ఉంటే నడుము వంచే, మెలితిప్పే ఆసనాలు వద్దు, వెన్నుపూస విరగొచ్చు. గురువుకు ముందే చెప్పండి.

శొంఠి. కీమో రోజు వికారానికి 576 మంది మీద పరీక్షించారు. రోజుకు అర గ్రాము నుంచి గ్రాము వరకు, కీమోకు మూడు రోజుల ముందు మొదలుపెట్టి ఆరు రోజులు, డాక్టరిచ్చిన వాంతుల మాత్రలతో పాటు. మొదటి రోజు వికారం తగ్గింది. గ్రామున్నర వేసినవాళ్లకు అంతకంటే ఎక్కువ లాభం లేదు. శొంఠి పొడి అయితే పావు చెంచా నుంచి అర చెంచా. ప్లేట్‌లెట్లు తక్కువున్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు అడగకుండా వేసుకోవద్దు.

నోటిపూతకు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా. బేకింగ్ పౌడర్ కాదు, సోడా. రోజుకు నాలుగు నుంచి ఆరుసార్లు పుక్కిలించి ఉమ్మేయండి. ఏ రోజుకారోజు కొత్తగా కలుపుకోవాలి. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే లెట్రోజోల్ లాంటి హార్మోన్ మాత్రల వల్ల కీళ్లు పట్టేసే ఆడవాళ్లకు ఆక్యుపంక్చర్ పనికొస్తుందని 2018లో 226 మంది మీద చేసిన పరీక్షలో తేలింది. కొత్త సూదులు మీ కళ్ల ముందు విప్పాలి, రక్తకణాలు బాగున్న సమయంలోనే చేయించుకోవాలి. మర్దన హాయిగా ఉంటుంది. గడ్డ మీద, రేడియేషన్ ఇస్తున్న చోట, ఒక కాలే వాచి ఉంటే ఆ కాలి మీద మాత్రం చేయకూడదు. ఆ వాపు రక్తం గడ్డకట్టడం కావచ్చు.

ఇక సంచి. ఇది ఇంటికెళ్లాక చేయాల్సిన పని. ఇంట్లో ఉన్నవన్నీ, సీసాలు, డబ్బాలు, పొట్లాలు, ఎండబెట్టిన ఆకులు, ఒక సంచిలో వేయండి. ఒక కాగితం మీద ఏది ఎప్పుడు మొదలుపెట్టారు, రోజుకెంత, ఎవరిచ్చారు రాయండి. తర్వాతి ఓపీకి తీసుకెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టండి. ఓపీలో ఆయనకు టైమ్ లేకపోతే ఆసుపత్రి ఫార్మసిస్టుకు చూపించండి. ‘ఇవి వాడుతున్నాం, వద్దంటే మానేస్తాం, కీమో మాత్రం మానం’ అని ఒక్క ముక్క చెప్పండి. ఆ మాట వింటే ఏ డాక్టరైనా కోపం మాని కూర్చోబెట్టి మాట్లాడతారు. ఆపరేషన్ తేదీ ఇచ్చారంటే మూలికలూ గోలీలూ కనీసం రెండు వారాల ముందు ఆపాలి. వెల్లుల్లి గోలీలు, పసుపు గోలీలు, జింకో అనే మూలిక లాంటివి రక్తస్రావం పెంచొచ్చు. ఏదైనా వాడొచ్చని డాక్టరు ఒప్పుకుంటే ఒక్కసారికి ఒక్కటే మొదలుపెట్టండి. మూడు కలిపి మొదలుపెడితే దద్దురు దేనివల్ల వచ్చిందో దేవుడికి కూడా తెలియదు. నెలకు లివర్ పరీక్ష చేయించండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

ప్రశ్న: ఆయుర్వేదం డాక్టరు దగ్గరికి అసలు వెళ్లకూడదంటారా?

వెళ్లొచ్చు. చదువుకుని రిజిస్ట్రేషన్ ఉన్నవారి దగ్గరికి, ఆసుపత్రి ఫైలు పట్టుకుని వెళ్లండి. ఆయన్ని రెండు అడగండి. ఇచ్చే మందులో ఏమేమున్నాయో కాగితం మీద రాసిస్తారా? మా క్యాన్సర్ డాక్టరుకు చూపించవచ్చా? మంచి వైద్యుడు రెండింటికీ సరేనంటాడు. కీమో ఆపితేనే నా మందు పనిచేస్తుందని ఎవరైనా అన్నారంటే, అది మొదట చెప్పిన బదులే.

ప్రశ్న: మా అమ్మకు 78 ఏళ్లు. జబ్బు అన్ని చోట్లకూ పాకింది. కీమో వద్దంటోంది. ఆమెను బలవంతం చేయాలా?

వద్దు. చికిత్స వద్దనడం ఆమె హక్కు. ఆ కీమో వల్ల ఎన్నాళ్లు కలిసొస్తుంది, ఎంత బాధ ఉంటుంది అని డాక్టరును సూటిగా అడిగి ఆమెకు తెలిసేలా చెప్పండి, ఆ తర్వాత ఆమె మాట ఆమెది. కానీ కీమో వద్దనుకుంటే మిగిలేది పసరు ఒక్కటే కాదు. ఉపశమన వైద్యం ఉంది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ఆసుపత్రిలో దానికి ప్రత్యేక విభాగమే ఉంది. నొప్పికి మార్ఫిన్ మాత్రలు, ఆయాసానికి, మలబద్ధకానికి, నిద్రకు మందులు ఇస్తారు. లెక్క ప్రకారం ఇచ్చే మార్ఫిన్ ప్రాణం తీయదు. ‘ఇక చేసేదేమీ లేదు’ అన్న మాట విన్న కుటుంబాల చుట్టూనే మోసగాళ్లు తిరుగుతారు. ఆ సమయంలో పొలం అమ్మి ఎవరి చేతిలోనూ పోయకండి.

ప్రశ్న: మేం రెండు నెలలుగా పసరు తాగిస్తున్నాం. ఇప్పుడు వెళ్తే డాక్టరు తిడతారేమోనని భయం.

తిట్టినా వెళ్లండి, రేపే వెళ్లండి. తీసుకెళ్లాల్సినవి చెబుతాను. పాత బయాప్సీ రిపోర్టు. పరీక్ష చేసిన ల్యాబ్ నుంచి గాజు స్లైడ్లు, మైనపు దిమ్మలు, అంటే బ్లాకులు. అడిగితే ఇస్తారు, మళ్లీ ముక్క తీసే అవసరం తప్పొచ్చు. పాత స్కాన్ ఫిల్ములు, సీడీ. రెండు నెలలైంది కాబట్టి స్కాన్ కొత్తగా తీయమనొచ్చు. వెళ్లే ముందే బ్లడ్ కౌంట్, లివర్, కిడ్నీ పరీక్షలు చేయించుకుంటే ఒక ఓపీ కలిసొస్తుంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో వైద్య సేవ కార్డు, ఆధార్ పెట్టుకోండి. మిగిలిన పసరు సీసాలో పోసి మూత బిగించి తీసుకెళ్లండి. లోపలికి వెళ్లగానే ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఇది తాగించామని మీరే ముందు చెప్పేయండి.